ప్రయోగశాలల మదింపు: ఒక శతాబ్దపు చరిత్ర

ఒకే మనిషి రక్తాన్ని పది ల్యాబులకు పంపితే పదీ ఒకే మాట చెప్పాలి. అలా చెప్పడం లేదన్న సంగతి మొదట గట్టిగా బయటపడింది సిఫిలిస్ విషయంలో. 1906లో వాసర్‌మన్ పరీక్ష వచ్చాక యూరప్‌లో పేరున్న ప్రతి ల్యాబూ దానికి సొంత మార్పులు చేసుకుంది. ఒక నగరంలో రోగి అనిపించుకున్నవాడు ఇంకో నగరంలో ఆరోగ్యవంతుడిగా తేలే పరిస్థితి వచ్చింది. నానాజాతి సమితి ఆరోగ్య విభాగం 1923లో కోపెన్‌హేగన్‌లో ఒక సమావేశం జరిపింది. సమితి ఆరోగ్య సంఘానికి అప్పటి అధ్యక్షుడు థోర్వాల్డ్ మాడ్సెన్. డెన్మార్క్ ప్రభుత్వ సీరం సంస్థకు అధిపతి కూడా ఆయనే. వేర్వేరు దేశాల నిపుణులు తమ తమ పద్ధతులతో వచ్చి, అందరికీ పంచిన ఒకే రకం నమూనాలను పక్కపక్కనే కూర్చుని పరీక్షించారు. 1928లో మళ్లీ అక్కడే, 1930లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో ఇదే పని జరిగింది. పద్ధతులను పోల్చడమే అక్కడి ఉద్దేశం. ల్యాబులకు మార్కులు వేయాలన్న ఆలోచన ఇంకా ఎవరికీ లేదు.

ఆ ఆలోచన అమెరికాలో వచ్చింది. విలియం బెల్క్, విలియం సండర్‌మన్ అనే ఇద్దరు వైద్యులు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆసుపత్రి ల్యాబులకు ఒకే ద్రావణాన్ని సీసాల్లో పోసి పంపారు. అందులో గ్లూకోజ్ ఎంత, క్లోరైడ్ ఎంత అన్నది పంపినవాళ్లకు తెలుసు, అందుకున్నవాళ్లకు తెలియదు. 1947లో అచ్చయిన ఫలితాల్లో సరైన జవాబులకంటే తప్పు జవాబులే ఎక్కువ. అవి మారుమూల ల్యాబులేమీ కావు, రోజూ రోగులకు రిపోర్టులిస్తున్న ఆసుపత్రులవే. కొన్నేళ్లకే అమెరికా పాథాలజిస్టుల కళాశాల ఇలాంటి సర్వేలను క్రమం తప్పకుండా నడపడం మొదలుపెట్టింది. బ్రిటన్‌లో జాతీయ స్థాయి పథకం 1969లో బర్మింగ్‌హామ్ కేంద్రంగా క్లినికల్ కెమిస్ట్రీతో మొదలైంది. మైక్రోబయాలజీ కూడా త్వరలోనే ఆ బాట పట్టింది. జవాబును గుట్టుగా ఉంచి, బయటి నుంచి నమూనా పంపి సరిచూసే ఈ పద్ధతి ఇప్పటికీ ల్యాబు నాణ్యతకు తొలి గీటురాయి.

దీనికి ఒక పెద్ద లోపం ఉంది. వచ్చింది పరీక్ష నమూనా అని ల్యాబుకు తెలిసిపోతుంది. దాన్ని అందరికంటే చేయి తిరిగిన టెక్నీషియన్ చేతికిస్తారు, రెండుమూడు సార్లు చేయిస్తారు, అనుమానమొస్తే పక్క ల్యాబును అడుగుతారు. సోమవారం ఉదయం వచ్చిన రోగి నమూనాకు ఆ భాగ్యం ఉండదు. ల్యాబు మామూలు రోజున ఎలా పనిచేస్తుందో తెలియాలంటే మనిషి వెళ్లి చూడాల్సిందే.

ల్యాబుకు మనుషులను పంపి, చూసి, యోగ్యత పత్రం ఇచ్చే ఏర్పాటు వైద్యం నుంచి కాక యుద్ధం నుంచి పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియాకు మందుగుండు, యంత్రభాగాలు పరీక్షించే నమ్మకమైన ల్యాబులు చాలినన్ని దొరకలేదు. ఆ అనుభవంతో 1947లో ఆ దేశం నాటా అనే సంస్థను పెట్టింది. అన్ని రకాల పరీక్షా ల్యాబులకు అక్రిడిటేషన్ ఇచ్చే జాతీయ సంస్థల్లో ప్రపంచంలో అదే మొదటిది. 1977లో ఇలాంటి సంస్థలు కోపెన్‌హేగన్‌లో కలిసి ఐలాక్ అనే అంతర్జాతీయ వేదికకు పునాది వేశాయి. ఒక దేశంలో పరీక్షించిన సరుకును ఇంకో దేశంలో మళ్లీ పరీక్షించే ఖర్చు తప్పించుకోవడం అప్పటి వాళ్ల ప్రధాన లక్ష్యం. అందుకే ఈ రంగంలో తొలి ప్రమాణాలన్నిటికీ వాణిజ్యపు వాసన ఉంటుంది. ఐఎస్‌ఓ 25వ మార్గదర్శి 1978లో వచ్చింది, దాని స్థానంలో 1999లో ఐఎస్‌ఓ 17025 వచ్చింది. రోగి అనేవాడు ఒకడుంటాడని గుర్తించి, వైద్య ల్యాబులకు ప్రత్యేకంగా ఐఎస్‌ఓ 15189 రావడానికి 2003 దాకా పట్టింది.

అమెరికాలో మాత్రం చట్టం ముందే వచ్చింది. 1967లో తొలి ల్యాబు చట్టం చేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్లైడ్లను గుట్టలుగా, హడావిడిగా చదివి పంపేస్తున్న ల్యాబుల గురించి 1987లో పత్రికలు బయటపెట్టడంతో 1988లో దాన్ని కఠినం చేశారు.

అగార్ మీద కాగితపు బిళ్ళ

యాంటీబయాటిక్ నిరోధకతను కొలిచే పరీక్ష చూడటానికి చాలా తేలిక. అగార్ పోసి గడ్డకట్టించిన పళ్లెం మీద రోగి నుంచి తీసిన బ్యాక్టీరియాను పరచి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలను పెట్టి, ఓ రాత్రి వెచ్చగా ఉంచుతారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా పెరగని గుండ్రటి ఖాళీ ఏర్పడుతుంది. దాని వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, పట్టిక చూసి మందు పనిచేస్తుందో లేదో రాస్తారు. మన ఊళ్లలో కల్చర్ సెన్సిటివిటీ అని పిలిచేది ఇదే. కాగితపు బిళ్ళల పద్ధతి 1940లలోనే వచ్చింది. అయితే తర్వాతి ఇరవయ్యేళ్లూ ఎవరి బిళ్ళ వారిది, ఎవరి అగార్ వారిది, ఎవరి కొలత వారిది.

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో బాయర్, కిర్బీ, షెరిస్, టర్క్ అనే నలుగురు 1966లో దీనికి ఒక కట్టుబాటు తెచ్చారు. ఏ అగార్ వాడాలి, ఎంత మందంలో పోయాలి, బ్యాక్టీరియా ద్రవం ఎంత మబ్బుగా ఉండాలి, ఎన్ని గంటలు ఉంచాలి అన్నవన్నీ తేల్చి రాశారు. స్వీడన్‌కు చెందిన ఎరిక్‌సన్‌తో కలిసి షెరిస్ నడిపిన అంతర్జాతీయ అధ్యయనం 1971లో వెలువడింది. ప్రమాణాలను ఏటా సవరించి ప్రచురించే పనిని అమెరికాలో 1968లో పుట్టిన ఒక సంఘం చేపట్టింది. అదే నేటి సీఎల్ఎస్ఐ. యూరప్‌లో యూకాస్ట్ 1997లో వచ్చింది. నేటికీ ఒకే కొలతను ఈ రెండు సంస్థల పట్టికలూ కొన్ని మందుల విషయంలో వేర్వేరుగా చదువుతాయి. ఏ పట్టిక వాడారో చెప్పని నిరోధకత శాతానికి విలువ అంతంతమాత్రమే.

ఈ పరీక్షలో తప్పు జరిగే చోట్లు ఎన్నో. అగార్ మందం 4 మిల్లీమీటర్లుండాలి. పలచగా పోస్తే మందు పక్కలకు ఎక్కువ దూరం పాకి ఖాళీ పెద్దదవుతుంది, పనిచేయని మందు పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. బ్యాక్టీరియా ద్రవం చిక్కగా ఉంటే దీనికి తిరగబడుతుంది, ఖాళీ చిన్నదై లేని నిరోధకత కనిపిస్తుంది. బిళ్ళలకు తేమ తగిలితే మందు చచ్చుబడి మళ్లీ అదే తప్పు. అగార్‌లో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే జెంటామైసిన్ వంటి మందులు సూడోమోనాస్ మీద పనిచేయనట్టు తేలతాయి. థైమిడిన్ మిగిలిపోతే సల్ఫా మందుల లెక్క చెడుతుంది. కొలిస్టిన్ అణువు పెద్దది కాబట్టి అగార్‌లో సరిగా పాకదు, దానికి బిళ్ళ పద్ధతే పనికిరాదు. అయినా కొలిస్టిన్ బిళ్ళలు పెట్టి రిపోర్టులిచ్చే ల్యాబులు ఉంటూనే వచ్చాయి.

అందుకే రోగుల నమూనాలతో పాటు గుణం ముందే తెలిసిన బ్యాక్టీరియాను కూడా పరీక్షించే నియమం వచ్చింది. ప్రపంచమంతా వాడే ఈ.కోలై 25922 అనే రకం 1946లో సియాటిల్‌లోనే దొరికింది. దాని మీద పెట్టిన ఏ మందు బిళ్ళ చుట్టూ ఎన్ని మిల్లీమీటర్ల ఖాళీ రావాలో పట్టికలో ఉంటుంది. వారం వారం ఆ కొలతలు రాసిన పుస్తకం ఉందా, హద్దు దాటిన రోజున ల్యాబు ఏం చేసింది, ఆ రోజు రోగుల రిపోర్టులు ఆపిందా లేదా? ల్యాబును మదింపు చేయడానికి వచ్చిన అనుభవజ్ఞుడైన అసెసర్ ముందుగా అడిగేది ఇదే. ప్రతి వారం కొలత సరిగ్గా ఒకే అంకె ఉంటే దానికి సంతోషించకూడదు. బతికున్న బ్యాక్టీరియా కొలత ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూఇటూ ఊగుతూ ఉండటమే సహజం. ఊగని అంకె సాధారణంగా కుర్చీలో కూర్చుని రాసినదై ఉంటుంది.

ల్యాబు గోడ దాటి

1961లో లండన్ కాలిండేల్‌లోని ప్రజారోగ్య ల్యాబులో ప్యాట్రీషియా జెవన్స్ మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్‌ను గుర్తించినట్టు ప్రకటించింది. ఆ యాంటీబయాటిక్ మార్కెట్లోకి వచ్చి అప్పటికి ఎంతోకాలం కాలేదు. దేశం నలుమూలల నుంచి వేల నమూనాలు ఒకే చోటికి చేరి, అన్నిటినీ ఒకే పద్ధతిలో చూసినందువల్లే కొద్దిపాటి ఆ రకాలు కంటపడ్డాయి. నిఘా అన్న మాటకు అర్థం అదే.

వేర్వేరు ల్యాబుల ఫలితాలను ఒక చోట చేర్చడం కంప్యూటర్లు వచ్చాక సులువైంది. బోస్టన్‌లో థామస్ ఓబ్రయన్, జాన్ స్టెల్లింగ్ 1989లో హూనెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను రూపొందించారు. నేటికీ పేద దేశాల ల్యాబులెన్నిటికో ఇదే ఆధారం. ఫలితాలు చేరినకొద్దీ కొత్త చిక్కు తెలిసింది. ప్రతి ల్యాబూ పరీక్ష సరిగ్గానే చేసినా మొత్తం లెక్క తప్పు కావచ్చు. చాలా ఆసుపత్రుల్లో కల్చర్‌కు పంపేది మొదటి మందు, రెండో మందు పనిచేయని రోగుల నమూనాలనే. వాటిలో నిరోధకత ఎక్కువే ఉంటుంది. ఆ శాతాన్ని ఊరంతటికీ అంటగడితే అబద్ధమవుతుంది. ఒకే రోగి నుంచి ఐదుసార్లు తీసిన రక్తాన్ని ఐదుగురిగా లెక్కిస్తే మరో అబద్ధం. ఇవి ల్యాబు బల్ల దగ్గర దొరికే తప్పులు కావు. అందువల్ల ల్యాబు మదింపు వేరు, నిఘా వ్యవస్థ మదింపు వేరు అన్న గుర్తింపు నెమ్మదిగా వచ్చింది.

పశువుల విషయం ఇంకా ముందునుంచీ నడుస్తున్నదే. అమెరికాలోని లెడర్లీ సంస్థలో 1948లో బెంజమిన్ డుగ్గర్ ఆరియోమైసిన్‌ను ప్రకటించాడు. ఆ సంస్థ పరిశోధనకు అప్పటి సారథి భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన చనిపోయిందీ అదే ఏడాది. కొద్దికాలానికే ఆ సంస్థలోనే థామస్ జూక్స్, స్టోక్‌స్టాడ్ ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోళ్ల దాణాలో కలిపితే కోళ్లు త్వరగా బరువెక్కుతున్నాయని చూపారు. అక్కడి నుంచి యాంటీబయాటిక్ దాణా సరుకైపోయింది. మనుషుల చికిత్సకు వాడే మందులను పశువుల ఎదుగుదల కోసం వాడవద్దని బ్రిటన్‌లో స్వాన్ కమిటీ 1969లో చెప్పింది. చెప్పినంత వేగంగా ఎవరూ వినలేదు.

మాట వినిపించడానికి అంకెలు కావలసివచ్చాయి, వాటిని డెన్మార్క్ సమకూర్చింది. వాంకోమైసిన్‌కు దగ్గరి చుట్టమైన అవోపార్సిన్‌ను పందులకు, కోళ్లకు పెడుతున్న చోట వాంకోమైసిన్‌కు లొంగని బ్యాక్టీరియా కనిపించడంతో 1995లో ఆ దేశం దాన్ని నిషేధించింది. అదే ఏడాది డాన్‌మ్యాప్ అనే నిఘా కార్యక్రమం మొదలుపెట్టింది. మనుషులు, పశువులు, మాంసం మూడింటి లెక్కనూ ఒకే పుస్తకంలో పెట్టిన తొలి దేశం అదే. జబ్బుపడిన పశువులతో ఆగకుండా, కబేళాకు వచ్చిన ఆరోగ్యమైన పశువుల పేగుల నుంచి కూడా మామూలు ఈ.కోలైని తీసి పరీక్షించడం అక్కడి విశేషం. చికిత్స విఫలమైన నమూనాల పక్షపాతం ఇందులో ఉండదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాల్మొనెల్లా నిఘా కోసం ఒక ప్రపంచ జాలాన్ని మొదలుపెడితే, దాని ల్యాబులకు ఏటా ఎనిమిది గుట్టు నమూనాలు పంపి సరిచూసే బాధ్యత కూడా డెన్మార్క్ సంస్థకే దక్కింది.

నక్షత్రాల కాలం

పేద దేశాల ల్యాబుల్లోకి అసెసర్లు పెద్ద సంఖ్యలో వెళ్లడానికి కారణం హెచ్‌ఐవీ. ఎయిడ్స్ మందులు ఆఫ్రికాకు చేరిన తర్వాత వాటి ఫలితం చూడటానికి ల్యాబులు కావలసివచ్చాయి. ఉన్న ల్యాబుల పరిస్థితి ఎంత దీనమంటే, సహారా దిగువ ఆఫ్రికాలో అంతర్జాతీయ ప్రమాణాల అక్రిడిటేషన్ ఉన్న వైద్య ల్యాబుల్లో 90 శాతానికి పైగా ఒక్క దక్షిణాఫ్రికాలోనే ఉండేవి. 2008 జనవరిలో మొజాంబిక్ రాజధానిలో మపూటో ప్రకటన వెలువడింది. 2009లో రువాండా రాజధాని కిగాలీలో రెండు కార్యక్రమాలు ఒకేసారి మొదలయ్యాయి. స్లమ్టా ల్యాబు నడిపేవారికి శిక్షణ ఇస్తుంది, స్లిప్టా ల్యాబును కొలుస్తుంది.

స్లిప్టా ఆలోచన సూటిగా ఉంటుంది. ఐఎస్‌ఓ 15189 అందుకోవడం ఒక్క గంతులో సాధ్యం కాదు కాబట్టి దారిలో మెట్లు కట్టారు. సంస్థ నిర్వహణ, సిబ్బంది, పరికరాలు, కొనుగోళ్లు, పత్రాలు, భద్రత వంటి పన్నెండు భాగాల్లో ప్రశ్నలుంటాయి. 55 శాతం దాటితే ఒక నక్షత్రం, 95 శాతం అందుకుంటే ఐదు. 2011లో అడిస్ అబాబాలో పుట్టిన ఆఫ్రికా ల్యాబు వైద్య సంఘం ఆడిటర్లను తయారుచేసి పంపే పని చేపట్టింది. స్లమ్టా తొలి ఐదేళ్లలోనే 47 దేశాల్లో 617 ల్యాబులకు చేరింది. కార్యక్రమం పూర్తిచేసిన ల్యాబుల సగటు మార్కులు 39 శాతం నుంచి 64కు పెరిగాయి.

ప్రశ్నల పట్టిక చేతిలో ఉన్నంత మాత్రాన ఎవరైనా అసెసర్ కాలేరన్న సంగతి ఈ దశలో బాగా తెలిసివచ్చింది. స్లిప్టాలో ఒక ప్రశ్నకు అన్ని అంశాలూ ఉంటే పూర్తి మార్కులు, ఏమీ లేకపోతే సున్నా, కొన్ని ఉంటే ఒక్క మార్కు. ఆ ‘కొన్ని’ దగ్గరే ఇద్దరు ఆడిటర్లకు పొత్తు కుదరదు. ఒకరు పుస్తకం ఉందని మార్కు వేస్తారు, మరొకరు ఆ పుస్తకం ప్రకారం పని జరగడం లేదని కోత పెడతారు. శిక్షణలో ఎక్కువ సమయం ఈ తేడాను తగ్గించడానికే పోతుంది. ఒకే దృశ్యాన్ని అందరికీ చూపి విడివిడిగా మార్కులు వేయించి, తేడా వచ్చిన చోట వాదించుకోనిస్తారు. నలుగురూ ఒకేలా చూడటం నేర్చుకునేదాకా నక్షత్రాలకు విలువ ఉండదు.

తరగతి గది తర్వాత అసలు చదువు ల్యాబులోనే. కొత్తవారు ముందు ఒక అనుభవజ్ఞుడి వెంట వెళ్లి చూస్తారు, తర్వాత తామే చేస్తుంటే ఆయన చూస్తాడు. ఐఎస్‌ఓ 19011 ప్రమాణం ఆడిట్ పద్ధతిని, ఆడిటర్ నడవడికను నిర్దేశిస్తుంది. మొదట అందరితో కూర్చుని ఎందుకు వచ్చారో చెప్పాలి, చివర మళ్లీ కూర్చుని ఏం కనిపించిందో దాచకుండా చెప్పాలి. మధ్యలో జరిగే పనిలో అన్నిటికంటే పదునైన ఆయుధం నిలువు ఆడిట్. మూడు నెలల కిందటి ఒక రిపోర్టును తీసుకుని దాని జాడ వెనక్కి పట్టుకుపోతారు. ఆ నమూనా ఎవరు తెచ్చారు, ఎన్ని గంటలకు చేరింది, ఏ బ్యాచ్ అగార్ మీద వేశారు, ఆ బ్యాచ్‌ను సరిచూశారా, ఆ రోజు ఇంక్యుబేటర్ ఉష్ణోగ్రత ఎంత, చేసిన టెక్నీషియన్‌కు ఆ పని వచ్చని ఎవరు తేల్చారు? ఈ గొలుసులో ఒక్క కొక్కెం లేకపోయినా దొరికిపోతుంది. తప్పు రాసేటప్పుడు కూడా నియమం ఉంది: ఏ నిబంధనకు విరుద్ధమో, దానికి కంటితో చూసిన ఆధారమేమిటో రెండూ రాయాలి. ‘ల్యాబు శుభ్రంగా లేదు’ అనేది అభిప్రాయం. ‘బిళ్ళల డబ్బాలో తేమ పీల్చే పొట్లం రంగు మారి ఉంది’ అనేది ఆధారం. శిక్షణలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మంచి టెక్నీషియన్లు మరీ తడబడతారు, ఎందుకంటే తప్పు కనపడగానే సరిదిద్దడానికి చేయి చాపుతారు. అసెసర్ సలహాదారు పాత్రలోకి జారితే, వచ్చే ఏడాది తన సలహాకే తాను మార్కులు వేసుకోవలసి వస్తుంది.

ఇంత జరిగినా బ్యాక్టీరియా బల్ల వెనకబడే ఉంది. డబ్బు హెచ్‌ఐవీ కోసం వచ్చింది కాబట్టి బాగుపడినవీ ఆ పరీక్షలే. కల్చర్ గది తలుపు తాళం వేసి ఉన్నా ల్యాబుకు మంచి నక్షత్రాలు రావచ్చు. 14 ఆఫ్రికా దేశాల సమాచారంతో 2022లో వెలువడిన మ్యాప్ అధ్యయనం ఈ గుట్టు విప్పింది. ఆ దేశాల్లోని దాదాపు 50,000 వైద్య ల్యాబుల్లో బ్యాక్టీరియా పరీక్షలు చేసేవి 1.3 శాతమే. ల్యాబు మొత్తానికి ఒక మార్కు వేసే పద్ధతి చాలదని, కల్చర్, సెన్సిటివిటీ పనిని మాత్రమే నిశితంగా చూసే ప్రత్యేక ప్రశ్నావళులు కావాలని దీంతో తేటతెల్లమైంది.

దాణా నుంచి గణాంకం దాకా

2015 మేలో ప్రపంచ ఆరోగ్య సభ యాంటీబయాటిక్ నిరోధకతపై ప్రపంచ కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది. ఆ అక్టోబరులో ఆసుపత్రుల నిరోధకత సమాచారాన్ని దేశాల నుంచి సేకరించే ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యవస్థ గ్లాస్ మొదలైంది. అదే ఏడాది జూన్‌లో ఆహార వ్యవసాయ సంస్థ, అంటే ఎఫ్‌ఏఓ, తన సభలో నిరోధకతపై తీర్మానం చేసింది. పశు ఆరోగ్య రంగంలో అసెసర్ల సంప్రదాయం అప్పటికే ఉంది. నేడు ప్రపంచ పశు ఆరోగ్య సంస్థగా పేరు మార్చుకున్న ఓఐఈ 2006 నుంచి దేశాల పశువైద్య సేవలను శిక్షణ పొందిన నిపుణులతో మదింపు చేయిస్తోంది. ఎఫ్‌ఏఓ నిరోధకత నిఘాను మదింపు చేయడానికి అట్లాస్ అనే సాధనాన్ని రూపొందించింది.

అట్లాస్‌లో రెండు ప్రశ్నావళులున్నాయి. ఒకటి ల్యాబు కోసం, మరొకటి దేశపు నిఘా వ్యవస్థ కోసం. రెండోదే దీని ప్రత్యేకత. పాలన ఎవరి చేతిలో ఉంది, సమాచారం ఇచ్చే ల్యాబుల జాలం ఎలా ఉంది, సమాచారాన్ని ఎవరు చేర్చి విశ్లేషిస్తున్నారు, ఫలితం ఎవరికి చేరుతోంది, ఇదంతా పరాయి డబ్బు ఆగినా నిలుస్తుందా అన్న కోణాల్లో అసెసర్లు అడుగుతారు. దేశం ఏ మెట్టు మీద ఉందో తేల్చి, పై మెట్టుకు ఏం చేయాలో రాసి ఇస్తారు. ఫెయిలయ్యారనే మాట ఉండదు. కొన్నేళ్లకు మళ్లీ వచ్చి అదే కొలబద్దతో చూస్తే ముందడుగు పడిందో లేదో తెలుస్తుంది. ప్రతిసారీ ఎఫ్‌ఏఓ కేంద్రమైన రోమ్ నుంచి నిపుణులను పంపడం కుదరదు కాబట్టి ఆయా ప్రాంతాల పశువైద్యులకు, మైక్రోబయాలజిస్టులకే శిక్షణ ఇచ్చి అసెసర్లను చేశారు. ఒక దేశపు నిపుణుడు పొరుగు దేశాన్ని మదింపు చేస్తాడు. ఇది ఖర్చు తగ్గించే ఉపాయంగా మొదలైనా దీని అసలు లాభం వేరే. ఇంకొకరి ల్యాబును వారం రోజులు తరచి చూసినవాడు తన ల్యాబుకు తిరిగివెళ్లాక అదే కళ్లతో చూడకుండా ఉండలేడు.

వ్యవస్థ అసెసర్ పని ల్యాబు అసెసర్ పనికంటే కష్టం. ఫ్రిజ్ ఉష్ణోగ్రత అబద్ధమాడదు. మంత్రిత్వ శాఖలో కూర్చున్న అధికారి ‘రెండు శాఖలూ కలిసే పనిచేస్తున్నాయి’ అన్నప్పుడు దానికి ఆధారం అడగాలి: చివరి సమావేశపు మినిట్స్ ఏవి, వ్యవసాయ శాఖ ల్యాబు పంపిన ఫలితం ఆరోగ్య శాఖ నివేదికలో ఏ పేజీలో ఉంది? ఇలా మర్యాద తప్పకుండా అడగడం పుస్తకం చదివితే రాదు.

భారతదేశంలో ఈ పనులు వేర్వేరు దారుల్లో నడిచాయి. ల్యాబులకు అక్రిడిటేషన్ ఇచ్చేది ఎన్‌ఏబీఎల్. గుట్టు నమూనాలతో సరిచూసే పనిని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వంటి సంస్థలు దశాబ్దాలుగా చేస్తున్నాయి. ఐసీఎంఆర్ 2013లో ఆసుపత్రుల నిఘా జాలాన్ని మొదలుపెట్టింది. జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2017 ఏప్రిల్‌లో వచ్చింది. పశువులు, చేపల కోసం వ్యవసాయ పరిశోధన మండలి ఎఫ్‌ఏఓతో కలిసి ఇన్‌ఫార్ అనే జాలాన్ని ఏర్పరచింది. రాష్ట్ర స్థాయి ప్రణాళిక తయారుచేసుకున్నవాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

తెలుగు నేలకు ఈ చరిత్రతో సంబంధం మందుల ఫ్యాక్టరీల వైపు నుంచీ రొయ్యల చెరువుల వైపు నుంచీ ఉంది. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. నిఘా అంటే ఆసుపత్రులు, పశువులే కాదు, నీళ్లు కూడా అన్న వాదనకు ప్రపంచమంతా చూపే ఉదాహరణల్లో అదొకటైంది. రొయ్యల సంగతి వేరు. 2002 ప్రాంతంలో ఆసియా రొయ్యల్లో నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ అవశేషాలు దొరకడంతో యూరప్ తనిఖీలను బిగించింది. 2016లో భారత్ నుంచి వచ్చే సాగు రొయ్యల్లో సగం సరుకును పరీక్షించాలని నిర్ణయించింది. భీమవరం, నెల్లూరుల్లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా ల్యాబులు ఈ అవశేషాల పనిలోనే ఉంటాయి. అవశేషం వేరు, నిరోధకత వేరు. రొయ్యలో మందు మిగల్లేదని ఆ ల్యాబు చెబుతుంది. ఆ చెరువులోని బ్యాక్టీరియా ఏ మందులకు లొంగడం మానేసిందో అది చెప్పదు, ఏ కొనుగోలుదారుడూ అడగడు. అడిగేవాడు ఉన్న పరీక్షకు పరికరం, అక్రిడిటేషన్, అసెసర్ అన్నీ సమకూరతాయి. నిరోధకత నిఘాకు కొనేవాడు లేడు, దాని ఖర్చు ప్రభుత్వాలు భరించాల్సిందే.

ఆ ఖర్చులో పెద్ద వాటా ఇన్నాళ్లూ బ్రిటన్ ఇచ్చింది. 2015లో ప్రకటించిన ఫ్లెమింగ్ ఫండ్ ద్వారా ఆసియా, ఆఫ్రికాల్లో ల్యాబు పరికరాలకు, గుట్టు నమూనాల పథకాలకు, శిక్షణకు డబ్బు అందింది. 2025లో బ్రిటన్ విదేశీ సాయానికి కోత పెడుతూ ఆ నిధిని కూడా ముగిస్తున్నట్టు ప్రకటించింది. అంతకుముందు ఏడాది సెప్టెంబరులోనే ఐక్యరాజ్యసమితిలో దేశాలన్నీ నిరోధకత మరణాలను 2030కల్లా 10 శాతం తగ్గిస్తామని ఒప్పుకున్నాయి. గ్లాస్ జాబితాలోని సూక్ష్మజీవులన్నిటినీ పరీక్షించగల సత్తా కనీసం 80 శాతం దేశాలకు రావాలని కూడా అందులో రాసుకున్నారు.

2025లో వెలువడిన గ్లాస్ నివేదిక ప్రకారం 2023లో ల్యాబులు నిర్ధారించిన బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్లలో ఆరింట ఒకటి మందులకు లొంగనిది. ఆగ్నేయాసియా ప్రాంతంలో మూడింట ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ విభజనలో భారతదేశం ఉన్నది ఆ ప్రాంతంలోనే. ఆ ఏడాదికి దాదాపు సగం దేశాలు సమాచారమే ఇవ్వలేదు. ఇచ్చిన దేశాల్లోనూ సుమారు సగానికి నమ్మదగిన సమాచారం తయారుచేసే వ్యవస్థ లేదని అదే నివేదిక ఒప్పుకుంది.